లేయర్ కింద మనిషి

ఫోటోషాప్ నేర్చుకోవడానికి కూర్చున్న కుర్రాడికి మొదట నేర్పేది బొమ్మ వెయ్యడం కాదు, తీసెయ్యడం. ఫైలు తెరవడం, సేవ్ చెయ్యడం అయ్యాక ఒక మనిషి ఫోటో ఇచ్చి వెనకాల ఉన్నదంతా తీసెయ్యమంటారు. మనిషి చుట్టూ చీమలబారులా కదిలే చుక్కల గీత రావాలి, డిలీట్ నొక్కాలి, గళ్ళగళ్ళ ఖాళీ కనపడాలి. అది వచ్చాక మొహం మీది మొటిమ. మొటిమ పోయాక గోడమీది కరెంటు తీగ. తీగ కూడా పోయాక, పక్కన నిలబడ్డ మనిషి. మొటిమ నుంచి మనిషి దాకా వాడే టూల్స్ అవే. మధ్యలో ఎక్కడో ఒక గీత ఉండాలి కదా, అది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఇలా తీసెయ్యడంతో మొదలుపెట్టడం వెనక కుట్రేమీ లేదు. తిండి పెట్టే పని అదే. గోదావరి జిల్లాల్లో డిజైనింగ్ నేర్చుకున్నవాడికి దొరికే మొదటి ఉద్యోగం యాడ్ ఏజెన్సీలో కాదు, ఫ్లెక్సీల షాపులో. రావులపాలెం నుంచి భీమవరం దాకా బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్తే ఒక జిల్లా జీవితమంతా ఫ్లెక్సీల మీద చదువుకోవచ్చు. ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, హీరో పుట్టినరోజులు, సంక్రాంతికి ఊరొచ్చినవాళ్ళకి స్వాగతాలు, శ్రద్ధాంజలులు. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించినప్పుడు షాపులవాళ్ళు గగ్గోలు పెట్టారు, గడువు పొడిగించారు, ఫ్లెక్సీలు ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. వాటిలో చాలావాటి మీద అక్షరాలు బాపువి. 1933లో నరసాపురంలో పుట్టిన మనిషి చేతిరాత ఫాంటైపోయి, ఆ చెయ్యి ఎలా కదిలేదో ఎప్పుడూ చూడని కుర్రాళ్ళ కీబోర్డుల మీద ఇంకా రాస్తూనే ఉంది. (అందులో ఎన్ని షాపులు ఆ ఫాంటు కొనుక్కున్నాయన్నది వేరే వ్యాసం.)

మా పెద్దనాన్నగారి మనవడొకడు ఇలాంటి షాపులోనే పని నేర్చుకున్నాడు. భీమవరంలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఫ్లెక్సీల షాపు, రాత్రిళ్ళు చిన్న పెన్ టాబ్లెట్ మీద సొంత బొమ్మలు. వీడియో గేములకి కాన్సెప్ట్ ఆర్ట్ వెయ్యాలని వాడి కల. గోదారి మీద ఎగిరే పడవలు, లంకల్లో రాక్షసులు, అలాంటివి వేసి నాకు వాట్సాప్‌లో పంపుతుంటాడు. బావుంటాయి. కానీ వాడి చేతికి పదును వచ్చింది రాక్షసుల వల్ల కాదు, షాపు వల్ల. రోజుకి ఇన్ని మొహాలు తీసిపెట్టాలంటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

షాపులో వచ్చే పనులు వాడి నోట వింటుంటే అదొక నీతిశాస్త్రపు పాఠ్యపుస్తకంలా ఉంటుంది. పోయినాయన ఫోటో ఒక్కటే దొరికింది, అందులో కళ్ళు మూసి ఉన్నాయి, తెరిపించాలి. వాళ్ళబ్బాయి కళ్ళు తెచ్చి అతికిస్తారు. బతికినన్నాళ్ళూ పంచె తప్ప కట్టని తాతగారికి కోటు తొడగాలి. విడివిడిగా పోయిన దంపతుల్ని ఒక ఫోటోలో పక్కపక్కన కూర్చోబెట్టాలి. కంప్యూటర్లు రాకముందు స్టూడియోలవాళ్ళు ఇదే పని నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో, ప్రింటు మీద రంగులతో చేసేవారు. వీటిలో నాకు పెద్ద అభ్యంతరాలు కనపడవు. పోయినాయన కళ్ళు నిజానికి తెరుచుకునే ఉండేవి, ఆ ఒక్క క్షణంలో తప్ప. అబద్ధమాడింది కెమెరాయేనని కూడా అనొచ్చు.

నాకు వెగటు పుట్టించేది ఇంకోటి, ఎవరూ అడగకుండానే జరిగేది. తెల్లగా చెయ్యడం. ఏ మొహమైనా సరే, ముందు రెండు మెట్లు తెలుపు పెంచి అప్పుడు మిగతా పని మొదలుపెడతారు. మావాడిని అడిగితే, "అడక్కపోయినా చేసెయ్యాలి బాబాయ్, లేపోతే ఫోటో సరిగా రాలేదంటారు" అన్నాడు. నలుపు వాడి షాపులో రంగు కాదు, మొటిమ లాంటిదే. దాని గురించి ఎవరూ ఆలోచించరు కాబట్టే అది కళ్ళు తెరిపించడం కంటే పెద్ద అబద్ధం అనిపిస్తుంది నాకు.

సరే, అసలు విషయం. ఒకరోజు సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. స్క్రీన్ షాట్ పంపాను చూడమన్నాడు. "కంటెంట్ అవేర్ ఫిల్ కొడుతుంటే చెయ్యి ఉండిపోతుంది బాబాయ్. ఎన్నిసార్లు చేసినా చీర డిజైను చెడిపోతుంది. ఏం చెయ్యాలి?"

ఒక షష్టిపూర్తి ఫ్లెక్సీ. మధ్యలో దంపతులు, చుట్టూ పిల్లలు, అల్లుడు, కోడలు, మనవలు. అమెరికాలో ఉన్న కొడుకుతో సహా అందరూ కలిసి దిగిన ఫోటో అదొక్కటే ఉందట. దాన్లోంచి రెండో కూతుర్ని తీసెయ్యాలి. వేరే కులం అబ్బాయిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆర్డరిచ్చిన బంధువు ఈ సంగతి కూడా చెప్పలేదు, "ఈ అమ్మాయి వద్దు" అన్నాడంతే. సంగతి షాపులో ఇంకెవరికో తెలుసు. మనిషిని తీసెయ్యడం తేలిగ్గానే అయిపోయింది, వెనక తెరే కాబట్టి. కానీ ఫోటో దిగేటప్పుడు ఆ అమ్మాయి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పోవడం లేదు. పట్టుచీర జరీ అంచు మీద నాలుగు వేళ్ళు.

వాడు నన్ను అడిగింది టెక్నికల్ ప్రశ్న. దానికి నా దగ్గర టెక్నికల్ సమాధానం ఉంది: రెండో భుజం మీది అంచుని కాపీ చేసి, తిప్పి, ఒంపు సరిచేసి అతికించొచ్చు. చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. హైదరాబాదులో ఏసీలో కూర్చుని, సాయంత్రం ఆరింటికల్లా ప్రూఫు ఇవ్వాల్సిన కుర్రాడికి ఉపదేశం చెయ్యడం తేలిక, చేసి లాభం లేదు. వాడు కాదంటే పక్క సీటులో కుర్రాడు చేస్తాడు. ఆ అమ్మాయి అలాగైనా పోతుంది, వీడి ఉద్యోగం కూడా పోతుంది.

సాధారణంగా వాదన ఇక్కడే ఆగిపోతుంది. టూల్‌కి పాపం పుణ్యం లేదు, పనివాడు చెప్పింది చేస్తాడు, బాధ్యత డబ్బిచ్చినవాడిది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం మేం కూడా రోజూ ఇదే అనుకుంటూ పడుకుంటాం. నాకు ఈ వాదన చాలదనిపించేది ఎందుకంటే, ఆ సాయంత్రం ఫోన్లో వాడు ఇంకో మాట అన్నాడు. "గోరింటాకు సగం చెరిగిపోయుంది బాబాయ్. బొటనవేలి గోరు మీద మాత్రం ఎర్రగా ఉంది." నాలుగు వందల శాతం జూమ్ చేసి ఆ చెయ్యి చుట్టూ పెన్ టూల్‌తో గీత గీస్తున్నవాడికి కనపడే విషయం అది. ఆ ఇంట్లో ఎవరూ ఆ చేతిని అంత దగ్గర్నుంచి చూసి ఉండరు. తీసెయ్యడానికి కూర్చున్నవాడు, తీసెయ్యడం కోసమే, ఆ మనిషిని అందరికంటే శ్రద్ధగా చూశాడు. అంత చూశాక నాకేం తెలీదు, చెప్పింది చేశాను అనడం కుదరదు. వాడు ఆ పనికి కూలీ మాత్రమే కాదు, సాక్షి కూడా.

తర్వాతి సెలవుల్లో వాడిని రాజమండ్రి తీసుకెళ్ళాను. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూపించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. దామెర్ల 1897లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, స్వయంగా చిత్రకారుడు, కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. రామారావు తిరిగొచ్చి తన ఊళ్ళో చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. గ్యాలరీ అంటే మావాడు ఏదో పెద్ద మ్యూజియం ఊహించుకున్నట్టున్నాడు, ముందు కాస్త నిరుత్సాహపడ్డాడు. తర్వాత స్కెచ్‌ల దగ్గర ఆగిపోయాడు. చేతులు, మెడలు, కూర్చున్న నడుములు. ఆ రోజుల్లో చదువు అలా ఉండేది: ముందు ప్లాస్టర్ బొమ్మల్ని చూసి గియ్యాలి, తర్వాత ఎదురుగా ఉన్న మనిషిని చూసి గియ్యాలి. లేనిదాన్ని కాగితం మీదకి తెచ్చుకోవడంతో మొదలయ్యే చదువు అది. వీడిది ఉన్నదాన్ని పంపించెయ్యడంతో మొదలైంది. కానీ రెండు చదువుల్లోనూ మధ్యలో ఉన్నది ఒకటే, చూడ్డం.

అక్కడ వాడు ఒక ప్రశ్న అడిగాడు. "ఈయన కూడా ఎవర్నైనా తీసేసుంటాడా బాబాయ్? అక్కడుంటే, బొమ్మలో వెయ్యకుండా?"

వేసే ఉంటాడు, అంటే, వెయ్యకుండానే ఉంటాడు. ప్రతి చిత్రకారుడూ ఎదురుగా ఉన్నదాంట్లో ముప్పాతిక వదిలేస్తాడు. బాపు బొమ్మలో అయితే వెనక గోడ ఉండదు, నేల ఉండదు, ఒక్కోసారి పాదాలే ఉండవు. వాటిని తీసేశాడని ఎవరూ అనరు. చిత్రం ఎప్పుడూ "అక్కడ ఇంతే ఉంది" అని ప్రమాణం చెయ్యదు. ఫోటో చేస్తుంది. ఎదురుగా ఒక మనిషి నిలబడితే ఆ మనిషి మీద పడ్డ వెలుతురే వచ్చి అచ్చయింది కాబట్టి, చూసేవాడు దాన్ని మాట కింద కాదు, జాడ కింద తీసుకుంటాడు. రోలాఁ బార్త్ తన చివరి పుస్తకమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగాడు, పోయిన తల్లి ఫోటో ఒకటి పట్టుకుని. మావాడి షాపులో కథంతా ఈ తేడాలోనే ఉంది. ఆ కుటుంబాన్ని ఎవరైనా ఆర్టిస్టు చేత బొమ్మ వేయించుకుని రెండో కూతుర్ని వేయించకపోతే అది కోపం. ఫోటోలోంచి తీయిస్తే, ఆమె ఎప్పుడూ పుట్టలేదని కెమెరా చేత చెప్పించడం.

ఇది కొత్త పని కాదు. సోవియట్ రహస్య పోలీసు అధిపతి యెజోవ్ మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడుస్తున్న ఫోటో ఉంది. 1940లో యెజోవ్‌ను కాల్చి చంపారు. అదే ఫోటో తర్వాత వెర్షన్‌లో స్టాలిన్ పక్కన మనిషి లేడు, కాలువ నీళ్ళున్నాయి. ఎవరో రీటచింగ్ కళాకారుడు కూర్చుని ఓపిగ్గా నీళ్ళు వేశాడు. చాలా బాగా వేశాడు. ఇది అందరూ చెప్పే ఉదాహరణే. నన్ను ఎక్కువ వెంటాడేది ఇంకోటి. అలెగ్జాండర్ రోద్చెంకో, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గ్రాఫిక్ డిజైనర్లలో ఒకడు, ఉజ్బెకిస్తాన్ పదేళ్ళ ప్రగతి మీద ఒక ఆల్బమ్ డిజైన్ చేశాడు. కొన్నేళ్ళకే అందులో ఉన్న నాయకుల్లో చాలామంది ప్రజాశత్రువులైపోయారు. వాళ్ళ ఫోటోలు ఇంట్లో ఉండటం కూడా నేరం. రోద్చెంకో తన సొంత ప్రతిలో, తను పేర్చిన పేజీల్లోనే, ఆ మొహాల మీద నల్ల సిరా పూశాడు. చాలా కాలం తర్వాత డేవిడ్ కింగ్ అనే బ్రిటిష్ డిజైనర్ ఆ ప్రతిని చూసి, 1997లో ఇలాంటి ఫోటోలతో ఒక పుస్తకమే తెచ్చాడు.

రెండూ భయంతో చేసిన పనులే. రెండింటిలోనూ మనిషి పోయాడు. కానీ కాలువ నీళ్ళు "ఇక్కడెవరూ లేరు" అంటాయి. నల్ల సిరా "ఇక్కడ ఒకడుండేవాడు, వాడిని చూడకూడదు" అంటుంది. సిరా మరక కింద మెడ ఉంటుంది, కోటు ఉంటుంది, భుజాలుంటాయి. చెరిపినట్టు తెలిసిపోతుంది. ఒక వృత్తిపనివాడిగా చూస్తే మొదటిది నైపుణ్యం, రెండోది మొరటుపని. నీతి లెక్కలో మాత్రం నేను సిరావైపు ఉంటాను. తీసెయ్యక తప్పని పరిస్థితి ఉండొచ్చు. తీసేసిన చోట మచ్చలేకుండా చెయ్యడం ఇంకో పని, దానికి ఇంకో నిర్ణయం కావాలి.

మావాడు ఆ రోజు ఏం చేశాడో చెప్పలేదు కదూ. చీర అంచు కుదరక, టైమైపోతుంటే, దంపతులిద్దరి మెడలోనూ పూలదండలు వేశాడు. షష్టిపూర్తికి దండలుంటే ఇంకా బావుంటుంది కదా. తల్లి మెడలో దండ కాస్త వెడల్పుగా, భుజం మీదకి జారినట్టు. వేళ్ళు దాని కింద ఉండిపోయాయి. ఓనరు మెచ్చుకున్నాడు. ఆర్డరిచ్చినాయనా మెచ్చుకున్నాడు. ఫంక్షన్ రోజు ఆ తల్లి ఫ్లెక్సీ ముందు నిలబడి అందరితో ఫోటోలు దిగిందని వాడు చూసొచ్చి చెప్పాడు.

ఇది సిరా మరకా, కాలువ నీళ్ళా? నేను చాలాసార్లు ఆలోచించాను. చూసేవాళ్ళకి తెలీదు కాబట్టి నీళ్ళేనని ఒక మిత్రుడు అన్నాడు. కావచ్చు. కానీ వాడు లేని భుజాన్ని తయారుచెయ్యలేదు. ఉన్న చేతిని కప్పాడు. చూసేవాడికి తేడా సున్నా, చేసినవాడికి చాలా ఉంది. పైగా ఆ తల్లికి ఆ చెయ్యి ఎక్కడుందో తెలుసు.

ఇంతా చెప్పి, తీసెయ్యడం ఎప్పుడూ తప్పే అన్నట్టు వినపడితే అది నా ఉద్దేశం కాదు. అదే షాపుకి ఒకామె ఫోన్లో ఫోటో తెచ్చింది. తనూ, వాళ్ళమ్మా, పక్కన తన మాజీ భర్తా. అమ్మ పోయింది. అమ్మతో తనకున్న మంచి ఫోటో అదొక్కటే. అతన్ని తీసెయ్యమంది. మావాడు గంట కూర్చుని, డబ్బులు కూడా తక్కువ తీసుకుని, బ్రహ్మాండంగా చేసిచ్చాడు. ఇక్కడ కూడా ఒక మనిషి మాయమయ్యాడు, ఇక్కడ కూడా ఫోటో అబద్ధమాడింది, మచ్చ కూడా లేదు. నాకు ఇందులో ఏ తప్పూ కనపడదు. మరి నా సిద్ధాంతం ఏమైనట్టు?

నిజం, అబద్ధం అనే కొలతతో మాత్రమే చూస్తే రెండు పనులకీ తేడా తేలదు. చూడాల్సింది ఇంకేదో ఉంది. మొదటిది, ఆ ఫోటో ఏమని చెప్పుకుంటోంది. ఆమె ఫోటో ఆమె బీరువాలో ఉంటుంది, అది ఎవరికీ ఏమీ ప్రకటించదు. ఫ్లెక్సీ రోడ్డు మీద నిలబడి "ఇదీ మా కుటుంబం" అంటుంది; అంటే లెక్క పూర్తయిందని అంటుంది. రెండోది, తీసెయ్యమని అడుగుతున్నదెవరు, తీసెయ్యడం ఎవరికి శిక్ష. మాజీ భర్తకి ఆ బీరువాలో చోటు లేకపోవడం శిక్ష కాదు. రెండో కూతురికి ఆ ఫ్లెక్సీలో చోటు లేకపోవడం శిక్షే. ఊరంతా చదువుకునేలా, ఊళ్ళో ఇంకో ఆడపిల్లెవరైనా చదువుకోవాలనే అచ్చువేసిన శిక్ష.

తనని తాను చెరుపుకునే హక్కు గురించి చట్టాలు కూడా ఇప్పుడు మాట్లాడుతున్నాయి. 2014లో యూరప్ న్యాయస్థానం ఒక స్పెయిన్ పౌరుడి కేసులో, అతని పాత అప్పుల వార్తని గూగుల్ వెతుకులాటలోంచి తీసెయ్యాలంది. మన 2023 నాటి డేటా రక్షణ చట్టంలోనూ తన సమాచారం తొలగించమని అడిగే హక్కు ఉంది. ఆ హక్కు ఎవరి సమాచారమో వాళ్ళది. మా ఇంట్లో ఒకరి సమాచారం మీరు తొలగించండి అని అడిగే హక్కు నాన్నకీ బాబాయికీ ఏ చట్టం ఇచ్చినట్టు లేదు. మన ఇళ్ళల్లో మాత్రం ఆ హక్కు ఎప్పట్నుంచో చలామణీలో ఉంది. పెళ్ళి శుభలేఖల మీద ఎవరి పేరు వెయ్యాలి, ఎవరిది వదిలెయ్యాలి అని జరిగే పంచాయితీలు తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

నా వృత్తిలోంచి ఒక చిన్న ముక్క. డేటాబేసుల్లో మేం సాధారణంగా దేన్నీ నిజంగా తీసెయ్యం. యూజర్ డిలీట్ నొక్కితే ఆ వరసలో ఒక చిన్న గడి "పోయింది" అని మారుతుంది, అంతే. వరస అక్కడే ఉంటుంది. దాన్ని సాఫ్ట్ డిలీట్ అంటాం. కంపెనీలు దీన్ని వాళ్ళ స్వార్థం కోసం చేస్తాయి, తొలగించమన్న మనిషిని మోసం చెయ్యడానికి కూడా ఇది వాడుకోవచ్చు. కానీ ఆ ఆలోచనలో ఒక వినయం ఉంది: ఇవాళ వద్దన్నవాడు రేపు అడగొచ్చు. ఫోటోషాప్‌లో దీనికి సమానమైనది లేయర్ మాస్క్. ఇరేజర్‌తో చెరిపితే పిక్సెల్ పోతుంది. మాస్క్ మీద నలుపు పూస్తే పిక్సెల్ దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాకే ఇలా విడివిడిగా దాచుకోవడం కుదిరింది. మంచి గురువులు మొదటి వారంలోనే ఇరేజర్ ముట్టుకోవద్దంటారు, పని తర్వాత మార్చుకోవడానికి వీలుంటుందని. మావాడికీ షాపులో సీనియర్ అదే కారణం చెప్పాడట. కస్టమరు మనసు మార్చుకుంటాడు, అసలు పోగొట్టుకోకు అని. ఆ సీనియర్‌కి నీతి చెప్పే ఉద్దేశమేమీ లేదు. అయినా ఆ పిల్లాడు ఆ షాపులో నేర్చుకున్న మంచి పాఠాల్లో అదొకటని నేననుకుంటాను.

ఇప్పుడు ఆ పాఠం కూడా పాతబడుతోంది. క్లోన్ చెయ్యడం, హీలింగ్ బ్రష్, 2010లో కంటెంట్ అవేర్ ఫిల్, 2023లో జెనరేటివ్ ఫిల్. ఒక్కో మెట్టు దగ్గరా చూడాల్సింది తగ్గుతూ వచ్చింది. ఫోటోషాప్ తొలినాటి డెమోల్లో జాన్ నోల్ వాడిన ఫోటో తనకి కాబోయే భార్య జెనిఫర్‌ది, బోరాబోరా బీచ్ మీద వెనక్కి తిరిగి కూర్చున్నది. ఆమెకి నకలు తీసి ఇంకో జెనిఫర్‌ని కూర్చోబెట్టి చూపించేవాడు. అంటే మొదట్నుంచే మనుషులతో ఆడుకునే టూల్ ఇది. కానీ ఆ ఆటకి చెయ్యి తిరగాలి, కన్ను పడాలి. ఇప్పుడు ఫోన్లోనే మనిషి చుట్టూ వేలితో సున్నా చుడితే చాలు. గోరింటాకు కనపడక్కర్లేదు. లేని భుజం, లేని జరీ, లేని గోడ అన్నీ యంత్రమే అల్లేస్తుంది, చాలా బాగా అల్లుతుంది. షష్టిపూర్తి వాళ్ళు వచ్చే ఏడు షాపుకే రానక్కర్లేదు. ఏఐ వల్ల డిజైనర్ల ఉద్యోగాలు పోతాయని అందరం దిగులుపడుతున్నాం, పడాలి కూడా. నాకు దాంతోపాటు ఇంకో దిగులుంది. ఒక మనిషిని ఇంట్లోంచి చెరపాలంటే ఇన్నాళ్ళూ కనీసం ఇంకో మనిషి కూర్చుని ఆమె వేళ్ళ చుట్టూ గీత గీయాల్సి వచ్చేది. ఆ ఒక్కడికైనా తెలిసేది.

ఈమధ్య మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి వేరే ఇబ్బంది. షాపు కంప్యూటర్ హార్డ్ డిస్క్ నిండిపోయింది. పాత పీఎస్‌డీలన్నీ తీసెయ్యమని ఓనరు అన్నాడు. జేపెగ్‌లు ఉంటే చాలు, లేయర్లున్న ఫైళ్ళు చోటు తింటున్నాయని. ఆ షష్టిపూర్తి ఫైలు ఏం చెయ్యమంటావు అని అడిగాడు. జేపెగ్‌లో ఆ అమ్మాయి లేదు. పీఎస్‌డీలో, మాస్క్ వెనకాల, ఉంది.

తన పెన్ డ్రైవ్‌లో వేసుకుంటానన్నాడు. అది వాడి ఫోటో కాదు కదా అన్నాను. పరాయి ఆడపిల్ల ఫోటో ఒక కుర్రాడు దాచుకోవడం ఆమెకి తెలిస్తే నచ్చుతుందా? "పోనీ ఆవిడ నంబరు కనుక్కుని పంపించెయ్యనా?" అన్నాడు. ఆమె ఎక్కడుందో ఆ ఊళ్ళో ఎవరూ వాకబు చెయ్యకపోవడమే ఆమెకి క్షేమం అనిపించింది నాకు, అదే చెప్పాను. అసలు ఫోటో ఆర్డరిచ్చినాయన తల్లి ఫోన్లోంచే పంపించాడట, దండా మాస్కూ లేకుండా. కాబట్టి ఆవిడ దగ్గర ఉండే ఉంటుంది అన్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడు, ఓనరు వచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి బాబాయ్, ఉంటాను అని పెట్టేశాడు.